నిన్న రాత్రి ఆటకు పోయారా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: జనాన్ని ప్రశ్నలడిగి, ఫారాలు నింపించి, ప్రేక్షకుల గురించి తెలుసుకోవడం ఎలా అని. నేను చాలా ఏళ్లు ఈ పని మీదే తిరుపతి వీధుల్లోనూ చిత్తూరు జిల్లా పల్లెల్లోనూ తిరిగాను కాబట్టి ఐదింటినీ కలిపి ఇక్కడే జవాబిస్తున్నాను. మొదటి జవాబు కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి, ఆ అమ్మాయి అడిగిన దాంట్లో అంత విషయం ఉంది.

*

ప్రశ్న: మేడమ్, నేను జర్నలిజంలో పీజీ చేస్తున్నాను. మన ఊళ్లలో జరిగే మహాభారత ఉత్సవాల్లో రాత్రి నాటకాలకు ఎవరు వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు అనేది నా ప్రాజెక్టు. 62 ప్రశ్నలతో గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే 214 మంది నింపారు. గ్రాఫులు కూడా వేసేశాను. కానీ నింపినవాళ్లు దాదాపు అందరూ 20 నుంచి 25 ఏళ్ల వాళ్లే. మా గైడ్ గారు సరిపోతుందన్నారు. నాకే ఏదో వెలితిగా ఉంది. ఇప్పుడేం చేయాలి?
- పీజీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: నీకు వెలితిగా అనిపించిందంటేనే నువ్వు ఈ పనికి పనికొస్తావు తల్లీ. ఆ వెలితి ఎక్కడుందో చూద్దాం.

భారతం జరిగే ఊరికి ఒక రాత్రి వెళ్లి నిలబడు. 18 రోజులూ మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ముందు వరుసల్లో చాపలు, దుప్పట్లు పరుచుకుని, పిల్లల్ని ఒడిలో పడుకోబెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లుంటారు. గుడి అరుగు మీద ముసలాయన ఒకరు వేషగాడికంటే ముందే పద్యం అందుకుంటూ ఉంటారు. బజ్జీల బండి దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకుంటూ, దుర్యోధనుడి గొంతు వినపడగానే తల తిప్పే మగవాళ్లుంటారు. పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చినవాళ్లుంటారు. వీళ్లలో నీ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లు ఎంతమంది? నీకు దొరికిన 214 మంది నీ స్నేహితులు, వాళ్ల స్నేహితులు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, అయితే అది వేరే ప్రశ్నకు జవాబు. "కాలేజీ పిల్లలు ఈ నాటకాల గురించి ఏమనుకుంటున్నారు" అని ఒక చిన్న అధ్యాయం పెట్టి ఆ గ్రాఫులు అందులో వాడుకో, పారేయొద్దు. కానీ ఆ లింకు ఎంతమంది చేతికి చేరిందో, చూసి కూడా నింపనివాళ్లు ఎంతమందో నీకు తెలియదు కాబట్టి, ఇన్ని శాతం ప్రేక్షకులు ఇలా అన్నారు అని మాత్రం రాయకు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నువ్వు జతచేసిన ఫారంలో "ఎందుకు వచ్చారు" అన్న ప్రశ్న కింద నాలుగు గడులున్నాయి: వినోదం, సమాచారం, కాలక్షేపం, అలవాటు. ఇవి ఎక్కడివో నాకు తెలుసు. జనం మీడియాను ఏ అవసరం కోసం వాడుకుంటారో అడగాలని కాట్జ్, బ్లమ్లర్, గురెవిచ్ 1974లో రాసిన దగ్గర్నుంచి అన్ని పాఠ్యపుస్తకాల్లోనూ ఇలాంటి జాబితాలే వస్తున్నాయి. టీవీకి, పేపరుకు అవి పనికొస్తాయి. కానీ అర్జున తపస్సు రోజు ఏం జరుగుతుందో నీకు తెలియనిది కాదు. అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ మాను ఎక్కుతుంటే, సంతానం లేని ఆడవాళ్లు తడి బట్టలతో కింద వరపడి, అంటే వరం కోరుతూ నేల మీద పడుకుని, ఉంటారు. అలాంటి తల్లి దగ్గర కూర్చుని "ఇది మీకు వినోదమా, కాలక్షేపమా" అని అడిగితే ఆమె కోప్పడదు. చదువుకున్న పిల్ల మర్యాదగా అడిగింది కదా అని ఏదో ఒకటి చెప్తుంది, నువ్వు టిక్కు పెట్టుకుంటావు, ఫారం నిండిపోతుంది. ఆమె ఎందుకొచ్చిందో మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు, పైగా లేదన్న సంగతి కూడా నీకు తెలియదు. అందుకే నాకు భయం. ఖాళీగా వదిలిన గడి అయితే కనీసం కంటికి కనిపిస్తుంది.

అందుకని ముందు ఫారం లేకుండా వెళ్లు. మూడు నాలుగు రాత్రులు చాప మీద కూర్చో, పక్కవాళ్లతో మాట్లాడు, వాళ్లు వాడే మాటలు రాసుకో. వాళ్లు "నాటకం" అనకపోవచ్చు, "ఆట" అనొచ్చు. "ప్రేక్షకులు" అనే మాట నీ గైడు గారిది, వాళ్లది కాదు. మన దేశంలో ఇలా చేసిన పెద్ద ఉదాహరణ ఒకటుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపించింది. దాన్నే సైట్ ప్రయోగం అంటారు, ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. జనం మీద ప్రభావం తెలుసుకోవడానికి వాళ్లు పెద్ద ఎత్తున ప్రశ్నావళులు నింపించారు, అయితే అంతటితో ఆగకుండా కొందరు పరిశోధకుల్ని పల్లెల్లోనే కాపురం పెట్టించారు. ఎవరు టీవీ ముందు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎవరు లేచిపోతున్నారు అనేది ఊళ్లో ఉండి చూస్తేనే కదా తెలిసేది. నీకు ఏడాది అక్కర్లేదు, నాలుగు రాత్రులు చాలు.

తర్వాత ఫారం. 62 ప్రశ్నలు వద్దు, 18కి తగ్గించు. పది నిమిషాలు దాటితే మన ఊళ్లో ఎవరూ కాదనరు, కూర్చోబెట్టి కాఫీ కూడా ఇస్తారు, కానీ పదకొండో నిమిషం నుంచి అన్నిటికీ "ఆ, అంతే మా" అంటారు. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, దీని జవాబుతో నేను ఏ పట్టిక వేస్తాను అని నిన్ను నువ్వే అడుగు. పట్టిక లేకపోతే ప్రశ్న కొట్టేయ్. వయసు, చదువు, ఆదాయం లాంటివి చివర్లో పెట్టు. కులం నీ పరిశోధనకు నిజంగా అవసరమైతే తప్ప అడగకు.

అన్నిటికంటే ముఖ్యం, "సాధారణంగా", "తరచుగా", "అప్పుడప్పుడు" అనే మాటలన్నీ తీసెయ్. నిన్నటి గురించి అడుగు. నిన్న రాత్రి ఆటకు పోయారా? ఎన్ని గంటలకు పోయారు? ఎవరితో? ఎక్కడ కూర్చున్నారు? ఏ ఘట్టం దగ్గర లేచి వచ్చారు? ఇది నా సొంత తెలివి కాదు. లండన్‌లో బీబీసీ 1936లో పెట్టిన శ్రోతల పరిశోధన విభాగం 1939 చివర్లో రోజూ వందల మందిని కలిసి అడగడం మొదలుపెట్టినప్పుడు, వాళ్లు పట్టుకున్నది "నిన్న" అనే మాటనే. మనిషికి నిన్న గుర్తుంటుంది. "సాధారణంగా" అన్నదానికి మాత్రం తను ఎలాంటి మనిషినని అనుకుంటున్నాడో ఆ బొమ్మ చూసి జవాబు చెప్తాడు.

ఎవర్ని అడగాలి? ఆట జరిగే చోట గేటు లేదు, టికెట్టు లేదు, కాబట్టి వచ్చినవాళ్లలో ప్రతి పదో మనిషిని పట్టుకోవడం కుదరదు. రాత్రి ఒంటిగంటకు అక్కడ దొరికేవాళ్లు తెల్లవార్లూ ఉండేవాళ్లే ఎక్కువ, పదిన్నరకే వెళ్లిపోయినవాళ్లు నీకు కనపడరు. పైగా ఆట మధ్యలో కదిలించి అడిగితే వాళ్లకూ చికాకు. నా సలహా ఏమిటంటే, ఆ ఊళ్లోనూ చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లలోనూ వీధుల వారీగా ఇళ్ల జాబితా రాసుకో, ప్రతి ఎనిమిదో ఇంటికో పదో ఇంటికో మర్నాడు వెళ్లు, హరికథ మొదలవక ముందే. అప్పుడు ఆటకు పోనివాళ్లు కూడా నీకు దొరుకుతారు, వాళ్లు ఎందుకు పోలేదో తెలియడం కూడా నీ ప్రాజెక్టులో భాగమే కదా. ఇంట్లో ఎవరితో మాట్లాడాలన్నది మాత్రం నువ్వు నిర్ణయించకు, తలుపు తీసినవాళ్లనూ నిర్ణయించనివ్వకు. 18 ఏళ్లు దాటినవాళ్ల పేర్లు చీటీల మీద రాసి ఒకటి తియ్యి. దీనికోసం 1949లో లెస్లీ కిష్ అనే ఆయన ఒక పట్టిక తయారుచేశారు, పెద్ద సర్వేల్లో అది వాడతారు. మనకు చీటీ చాలు. చీటీలో కోడలి పేరొస్తే ఆమె పొలం నుంచి వచ్చేదాకా ఆగాలి, లేదా సాయంత్రం మళ్లీ వెళ్లాలి. అత్తగారు "నేను చెప్తాలే" అంటారు. వద్దు. కోడలితోనే మాట్లాడు.

*

ప్రశ్న: ఇంగ్లీషులో తయారైన ఒక ప్రశ్నావళిని తెలుగులోకి మార్చే పని నాకు అప్పగించారు. "గట్టిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను, తటస్థం, అంగీకరించను, గట్టిగా అంగీకరించను" అని ఐదు గడులు పెట్టాను. చదువుతుంటే నాకే నవ్వొస్తోంది. వేరే దారి ఉందా?
- ఉపాధ్యాయిని, నగరి

జవాబు: ఉంది. ఆ ఐదు మెట్ల కొలత రెన్సిస్ లైకర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో ఇచ్చింది, కొలతలో తప్పేమీ లేదు, మాటలే మనవి కావు. మన మనుషులెవరూ నోటితో "తటస్థం" అనరు. "శానా బాగుంది, బాగుంది, పరవాలేదు, బాలేదు, అస్సలు బాలేదు" అని పెట్టి చూడండి. చదవడం రానివాళ్లకు ఐదు గ్లాసుల బొమ్మలు చూపించండి, నిండు గ్లాసు నుంచి ఖాళీ గ్లాసు దాకా. వేలు పెట్టి చూపిస్తారు.

అంతకంటే పెద్ద చిక్కులు తెలుగులోనే ఉన్నాయి, ఇంగ్లీషు ఫారంలో అవి కనిపించవు. మొదటిది: "మీరు నాటకాలు చూస్తారా?" ఈ వాక్యానికి మన భాషలో రెండు అర్థాలు. చూసే అలవాటుందా అనీ, ఇకముందు చూడబోతారా అనీ. పెద్దాయన "చూస్తాం" అన్నారంటే, రోజూ చూస్తున్నారో, నువ్వింతగా అడిగావు కాబట్టి ఈసారి చూస్తామంటున్నారో ఎవరు చెప్పగలరు? "చూశారా" అని అడిగితే ఆ గొడవ ఉండదు.

రెండోది "మీరు". గౌరవానికీ అదే మాట, పదిమందికీ అదే మాట. దీని దెబ్బ నేను స్వయంగా తిన్నాను. చాలా ఏళ్ల కిందట ఒక సంస్థ కోసం తిరుపతిలో ఇంటింటికీ తిరిగి "మీరు పేపరు చదువుతారా" అని అడిగాం. ఇంటి పెద్ద "చదువుతాం" అనేవారు, మేము ఆయన పేరు మీద టిక్కు పెట్టేవాళ్లం. మూడు వారాలయ్యాక ఒక ఇంట్లో మళ్లీ వెళ్లి కూర్చుంటే తెలిసింది, ఆయనకు కళ్లు కనపడక పేపరు ముట్టుకుని రెండేళ్లయింది, చదివేది ఇంటర్ చదివే మనవరాలు. ఆయన అబద్ధమాడలేదు, "చదువుతాం" అంటే మా ఇంట్లో చదువుతాం అని. మేము అడిగిన తీరులోనే తప్పుంది. ఆ వీధులన్నీ మళ్లీ తిరిగాం, ఎండలో. ఇండియన్ రీడర్‌షిప్ సర్వే లాంటి పెద్ద సర్వేల్లో పత్రిక పేరున్న కార్డు చేతికిచ్చి, మీరు దీన్ని చివరిసారి ఎప్పుడు చదివారు అని ఎందుకు అడుగుతారో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

మూడోది వ్యతిరేక ప్రశ్న. "ఈ కార్యక్రమం మీకు నచ్చలేదా?" అంటే "అవును" అన్నారనుకోండి. అవును నచ్చింది అనా, అవును నచ్చలేదు అనా? ఇలాంటి వాక్యాల్ని ఫారంలో అసలు ఉండనివ్వకండి.

మీది నగరి కాబట్టి ఇంకో మాట. మీ వైపు ఇంట్లో తమిళం మాట్లాడుకునేవాళ్లు చాలామంది. బయట తెలుగు బాగానే మాట్లాడతారు కాబట్టి తెలుగు ఫారం చాలనిపిస్తుంది, కానీ ఇష్టాయిష్టాలు చెప్పేటప్పుడు మనిషి ఇంటి భాషలోకి వెళ్లిపోతాడు. తమిళంలో కూడా ఒక ఫారం చేయించండి. అది ఒకరు తమిళంలోకి మార్చాక, మొదటి ఫారం చూడని ఇంకొకరి చేత మళ్లీ తెలుగులోకి మార్పించండి. రెండు తెలుగులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ జారిందో తెలిసిపోతుంది. చివరగా, పది పదిహేను మంది మీద ముందు ప్రయత్నించండి. ప్రశ్న చదివి వినిపించాక, జవాబు అడగకుండా "నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి" అనండి. నాకు ఇంతకంటే మంచి పరీక్ష ఇంకోటి దొరకలేదు.

*

ప్రశ్న: పలమనేరు దగ్గర ఒక చిన్న యూట్యూబ్ చానల్ నడుపుతున్నాను. ఏ కార్యక్రమాలు కావాలి అని మూడు వందల మందిని అడిగితే వ్యవసాయం, భక్తి, పిల్లల చదువు అన్నారు. అవే చేశాను. ఎవరూ చూడడం లేదు. జల్లికట్టు వీడియో పెడితే మాత్రం చూస్తున్నారు. జనం అబద్ధం చెప్పారా?
- చానల్ నిర్వాహకుడు, పలమనేరు

జవాబు: చెప్పలేదండీ. ఏం కావాలని అడిగితే ఎవరైనా మంచి మాటే చెప్తారు, అది మనిషికి సహజం. మీరు ఊళ్లో తెలిసిన మనిషి, చేతిలో మైకు, పక్కన ఇంకో నలుగురు వింటున్నారు. అలాంటప్పుడు "నాకు పశువుల పండగ వీడియోలు కావాలి" అని ఎవరంటారు? వ్యవసాయం కావాలన్నమాట కూడా నిజమే అయి ఉండొచ్చు, కానీ ఏ వ్యవసాయం? టమాటా ధర ఈ రోజు మార్కెట్లో ఎంత పలికిందో రెండు నిమిషాల్లో కావాలేమో, మీరు అరగంట ఉపన్యాసం పెట్టారేమో. "కావాలా" అన్న ప్రశ్నలో ఇవేవీ తేలవు.

నిన్న సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఏం చూశారు, ఏ ఫోన్లో, పక్కన ఎవరున్నారు, మధ్యలో ఎందుకు ఆపారు, ఇవి అడగండి. మంచి, చెడు అని తూకం వేయనట్టు అడగండి.

ఇంకో విషయం, మిషను చెప్పగలిగే లెక్కను మనుషుల్ని అడగొద్దు. ఎంతమంది చూశారు, ఎన్నో నిమిషంలో ఆపేశారు అనేది యూట్యూబే మీకు చూపిస్తుంది, మనిషి జ్ఞాపకం కంటే అది నయం. టీవీకైతే 2015 నుంచి బార్క్ అనే సంస్థ దేశం మొత్తం మీద ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెట్టి లెక్కిస్తోంది, ఇప్పుడవి యాభై వేలకు పైగా ఇళ్లు. అక్కడ కూడా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక బటన్ ఉంటుంది, ఎవరు చూస్తుంటే వాళ్లు అది నొక్కాలి, అంటే మిషను ఉన్నా మనిషి చెప్పాల్సింది కొంత మిగిలే ఉంది. మీ చానల్ విషయంలోనూ అంతే. మీ లెక్కల్లో 20 ఏళ్ల కుర్రాడు చూసినట్టు కనపడే వీడియోను నిజానికి ఆ ఫోన్ పట్టుకుని వాళ్ల అవ్వ చూస్తూ ఉండొచ్చు. ఒక ఫోన్ చుట్టూ నలుగురు కూర్చుని ఉండొచ్చు. ఇవి ఏ మిషనూ చెప్పదు. మీ ప్రశ్నలు అక్కడ పెట్టండి. మూడు వందల మంది అక్కర్లేదు, ముప్పై ఇళ్లలో సాయంత్రం పూట కూర్చోగలిగితే మీకు చాలా తెలుస్తుంది.

*

ప్రశ్న: మేము తిరుపతిలో నెలనెలా సాహిత్య సభ జరుపుతాం. జనం తగ్గిపోతున్నారు. కారణం తెలుసుకుందామని గత మూడు సభల్లో వచ్చినవారందరికీ కాగితాలిచ్చి రాయించాం. అందరూ సభ చాలా బాగుంది అనే రాశారు. ఇంకా ఎంతమందిని అడిగితే నమ్మకంగా ఉంటుంది? అయిదు వందలా, వెయ్యా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: మాస్టారూ, మీరు వచ్చినవాళ్లనే అడిగారు. తగ్గిపోయినవాళ్లు ఆ హాల్లో లేరు కదండీ. బాగున్నందుకే వచ్చినవాళ్లు బాగుందని కాక ఇంకేం రాస్తారు? అలాంటి వెయ్యి కాగితాలు పోగేసినా ఇదే జవాబు.

అంకె గురించి అడిగారు కాబట్టి చెప్తాను. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటాం. నిజమే, కానీ పైమెతుకు ఒక్కటే పట్టి చూస్తే అడుగున మాడిన సంగతి తెలియదు. అంతా కలిపి ఎక్కడినుంచైనా తీస్తేనే ఆ మాట చెల్లుతుంది. అలా ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేకుండా చీటీ తీసినట్టు ఎంపిక చేసిన 100 మందిని అడిగితే లెక్క సుమారు 10 శాతం అటూ ఇటూగా ఉంటుంది, 400 మంది అయితే 5 శాతం, 1,100 మంది అయితే 3 శాతం. తప్పు సగం కావాలంటే మనుషులు నాలుగింతలు కావాలి. ఊరు పెద్దదైనా చిన్నదైనా ఈ లెక్క పెద్దగా మారదు. కానీ ఎంపికే వంకరగా ఉంటే ఏ అంకే కాపాడదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల ముందు కోటి మందికి కార్డులు పంపింది, 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ అనే ఆయన గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్లున్నవాళ్ల జాబితాల నుంచి. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోను, కారు ఉన్నవాళ్లు ఎవరో మీకు చెప్పాలా? పైగా కార్డు తిరిగి పంపే ఓపిక ఎవరికి ఉంది, రూజ్‌వెల్ట్ మీద కోపం ఉన్నవాళ్లకు ఎక్కువ.

మీ దగ్గర ఒక బంగారం లాంటి వస్తువు ఉంది, మీరే ఉత్తరం చివర రాశారు: పదేళ్ల హాజరు రిజిస్టరు. ముందు బాగా వస్తూ ఇప్పుడు మానేసినవాళ్ల పేర్లు విడిగా రాయండి, వాళ్లలో ప్రతి అయిదో పేరు తీయండి, 40 మంది వచ్చినా చాలు. ఫోన్ చేసి "ఎందుకు రావడం లేదు" అనొద్దు, అది సంజాయిషీ అడిగినట్టుంటుంది, మొహమాటపడి ఆరోగ్యం బాలేదంటారు. "చివరిసారి సభకు వచ్చిన రోజు ఎలా వచ్చారు, ఎన్ని గంటలకు ఇల్లు చేరారు, ఆ రోజు ఏ ప్రసంగం గుర్తుంది" అని అడగండి. రాత్రి ఇల్లు చేరడానికి ఆటో దొరకలేదని ఒకరంటారు, మెట్లెక్కలేకపోయానని ఇంకొకరంటారు, ప్రసంగం ఏదీ గుర్తులేదని మరొకరంటారు. ఆ మూడోది వినడం కష్టమే, వినండి. ఆ ఫోన్లు మీరు స్వయంగా చేయకండి, మీ ముందు ఎవరూ కాదనలేరు. సభతో సంబంధం లేని డిగ్రీ విద్యార్థి ఎవరికైనా అప్పగించండి. హాల్లో ఇచ్చే కాగితాలు కూడా చేతికి తీసుకోకండి, గుమ్మం దగ్గర మూత ఉన్న డబ్బా పెట్టండి, పేరు రాయించకండి.

*

ప్రశ్న: డిగ్రీ సెలవుల్లో ఒక సర్వే పనికి చేరాను. ఫారానికి ఇంత అని డబ్బులిస్తారు. నాతోటివాళ్లు మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర కూర్చుని వాళ్లే నింపేస్తున్నారు. నేను నిజంగా తిరుగుతుంటే రోజుకు ఆరు కూడా కావడం లేదు. నన్ను పని రానివాడిలా చూస్తున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
- డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: నువ్వు నింపొద్దు నాయనా. ఆ ఆరు ఫారాల్లోనే అసలు మనుషులున్నారు. ఎండలో తిరిగొచ్చి తక్కువ డబ్బు తీసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఇదే చెప్తాను.

నీ తోటివాళ్లను కూడా నేను ఒక్కమాటతో దొంగలనను. రోజుకు ఇరవై ఫారాలు తెమ్మంటే, ఒక్కో ఫారానికి నలభై నిమిషాలు పట్టేలా చేస్తే, తాళం వేసిన ఇంటికి పైసా ఇవ్వకపోతే, టీ కొట్టు దగ్గరకు తోసింది ఆ పద్ధతే. కానీ ఇది దాగదు. టీ కొట్టు ఫారాలు అన్నీ ఒకేలా ఉంటాయి, కొట్టివేతలుండవు, "తెలియదు" అనే జవాబు ఎక్కడా ఉండదు, ఆదాయం ఎప్పుడూ గుండ్రని అంకెలోనే ఉంటుంది. సరైన సంస్థ అయితే పదింట ఒక ఇంటికైనా మళ్లీ వెళ్లి, మా మనిషి వచ్చాడా, ఏమడిగాడు అని కనుక్కుంటుంది.

నీ సూపర్‌వైజర్‌తో విడిగా మాట్లాడు. ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. ఫారం లెక్కన కాకుండా రోజు లెక్కన కూలీ ఇవ్వమని అడుగు. అది కుదరదంటే, వెళ్లిన ప్రతి ఇంటికీ ఒక వరుస రాసే కాగితం ఇవ్వమను: తాళం వేసి ఉంది, ఒప్పుకోలేదు, చీటీలో పేరొచ్చిన మనిషి ఇంట్లో లేరు, సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఆ వరుసలకు కూడా డబ్బు కట్టమను, ఎందుకంటే ఎంతమంది దొరకలేదో తెలియకపోతే దొరికినవాళ్ల లెక్కకు విలువ లేదు. దానికీ ఒప్పుకోకపోతే ఆ పని మానేసి నాకు ఇంకో ఉత్తరం రాయి. మొదటి ఉత్తరం రాసిన అమ్మాయికి భారతం ఊళ్లో ఇళ్లిళ్లూ తిరగడానికి తోడు కావాలి, మీ ఇద్దరికీ ఇష్టమైతే పత్రిక ద్వారా కలుపుతాను.